డిగ్రీ ఫైనలియర్ పిల్లలకు డబ్బు లెక్కలు: రెండు గంటల్లో ఏం చెప్పాలి?

కామర్స్_లెక్చరర్:
ఫైనలియర్ పిల్లలకు ఉద్యోగాలు వస్తున్నాయి, చేతికి పాతిక వేల దాకా జీతం. వాళ్లు చేరేలోపు డబ్బు వ్యవహారాల మీద రెండు గంటల క్లాసు చెప్పాలి. "పొదుపు చెయ్యండి, దుబారా వద్దు" అంటే ఎవరూ వినరు. బోర్డు మీద వేసి చూపించే లెక్కలు కావాలి. దేంతో మొదలుపెట్టమంటారు?

వడ్డీ_లెక్క:
శాతాలతో మాత్రం వద్దు మేడమ్. "రెండు రూపాయల వడ్డీ" అంటే పల్లె పిల్లలకు చప్పున ఎక్కుతుంది: నూటికి నెలకు రెండు, ఏడాదికి 24 శాతం. ప్రతి అప్పునూ ఈ లెక్కలోకి మార్పించండి.

ముందు లోన్ యాప్. పది వేలు మంజూరంటాడు, ఫీజులు పట్టుకుని 8,500 వేస్తాడు, నెల తిరిగేసరికి 10,000 కట్టాలి. చేతికొచ్చిన 8,500 మీద 1,500 అంటే పదిహేడున్నర రూపాయల పైనే వడ్డీ! ఊళ్లో ఎవరైనా ఈ రేటు చెబితే లేచి వచ్చేస్తాం.

తర్వాత ఫ్లాట్ రేటు. లక్ష అప్పు, 12 నెలలు, 12 శాతం ఫ్లాట్. వడ్డీ 12,000, ఈఎంఐ 9,333. రూపాయి వడ్డీయే కదా అనిపిస్తుంది. కానీ నెలనెలా అసలు తీరుతూనే ఉన్నా వడ్డీ చివరిదాకా లక్ష మీదే పడుతోంది. తగ్గే అసలు మీద లెక్కేస్తే దాదాపు 21.5 శాతం, అంటే రూపాయి ఎనభై పైసలు. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలు (బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీలు) రిటైల్ లోన్లకు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (లోన్ ముఖ్య వివరాల కాగితం) ఇవ్వాలి. అందులో ఏపీఆర్ ఎక్కడుందో వెతకడం నేర్పితే చాలు, ఫీజులు కూడా కలిపిన ఏడాది రేటు అదే.

కార్డు_బిల్లు:
క్రెడిట్ కార్డు మినిమం డ్యూ, అంటే ఆ నెల బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం, కూడా చూపించండి. బాకీ 20,000, నెలకు 3.5 శాతం వడ్డీ అనుకుందాం. మినిమం 1,000 కడితే మిగిలిన 19,000 మీద నెలకు వడ్డీ 665, దాని మీద 18 శాతం జీఎస్టీ 120. కట్టిన వెయ్యిలో 785 అటే పోయింది, బాకీ తగ్గింది 215. మినిమం కడితే లేట్ ఫీజు తప్పుతుంది, సిబిల్‌లో (మన అప్పుల రికార్డులో) డిఫాల్ట్ పడదు, అంతవరకే. పైగా బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకిన ప్రతిదానికీ కొన్న రోజు నుంచే వడ్డీ. ఇది చాలామంది పెద్దవాళ్లకే తెలియదు.

పేరోల్_డెస్క్:
ఒక పేస్లిప్ జిరాక్స్ పంచండి. బేసిక్ 15,000 అయితే ఉద్యోగి పీఎఫ్ 1,800. కంపెనీ కూడా 1,800 వేస్తుంది, కానీ అందులో 1,250 పెన్షన్‌కు వెళ్లి పాస్‌బుక్‌లో పీఎఫ్ కింద 550 మాత్రమే కనిపిస్తుంది. "కంపెనీ తినేసింది" అనే గొడవ ఇక్కడే మొదలవుతుంది.

ఉద్యోగం మారితే యూఏఎన్ (పీఎఫ్ ఖాతాల నంబరు) అదే ఉంచుకుని పాత పీఎఫ్‌ను బదిలీ చేయించుకోవాలి. అయిదేళ్ల సర్వీసు నిండకుండా తీసేస్తే మామూలుగా పన్ను పడుతుంది. క్లెయిములు ఆగేది ఎక్కువగా పేరు దగ్గరే: ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, పాన్‌లో పూర్తిగా. ఆధార్, పాన్, పదో తరగతి మెమో, బ్యాంకు పాస్‌బుక్ నాలుగూ క్లాసుకు తెప్పించి అక్కడికక్కడే పోల్చమనండి. చేరాక సరిచేయించడం కంటే ఇప్పుడే తేలిక.

కామర్స్_లెక్చరర్:
మంచి పని. సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కొంత పెట్టడం) గురించి చెప్పొద్దా?

వడ్డీ_లెక్క:
చివరి పది నిమిషాలు చాలండి. మూడు నెలల అద్దె, మెస్ ఖర్చు ఆర్‌డీలోనో (బ్యాంకులో నెలనెలా కట్టే డిపాజిట్) సేవింగ్స్‌లోనో పడ్డాకే సిప్. అది లేకుండా మొదలుపెడితే ఉద్యోగం పోయిన నెలలోనే, మార్కెట్ ఎలా ఉన్నా, అమ్ముకోవాల్సి వస్తుంది.