లేఅవుట్ వీధిలో డ్రైన్ కావాలంటే కార్పొరేషన్లో అసలు ఎవర్ని ఏమడగాలి?

గోరంట్ల_గాలిపటం:

అందరికీ నమస్తే అండీ. మాది గుంటూరే, గోరంట్ల లోపలికి ఒక పాత వెంచర్. మా వీధిలో 22 ఇళ్ళు. రోడ్డు మేమే తలా ఇంత వేసుకుని గ్రావెల్ తోలించుకున్నాం, కరెంటు వచ్చింది, కుళాయి వచ్చింది, సైడు కాలువ ఒక్కటే లేదు. ఇన్నాళ్ళూ అందరి వాడకం నీళ్ళు వీధి చివర ఖాళీ ప్లాటులో గుంటలోకి పోతుండేవి, ఎవరూ పట్టించుకోలేదు. సంక్రాంతి తర్వాత ఆ ప్లాటాయన ఇల్లు కట్టుకుందామని గుంట పూడ్చి మూడడుగులు ఎత్తు లేపాడు, ఆయన్ని అనడానికి లేదు, ఆయన స్థలం ఆయనిష్టం, కానీ అక్కణ్ణుంచి నీళ్ళు వెనక్కి తన్ని మూడిళ్ళ ముందు నిలబడిపోయాయి. ఒక మామ్మగారు పొద్దున్నే రెండు ఇటుకలు పట్టుకుని బయటికొస్తది, ఒకటి వేసి కాలు పెట్టి, ఇంకోటి ముందుకేసి కాలు పెట్టి, అట్టా పాలప్యాకెట్టు దాకా పోయి మళ్ళీ అట్టాగే వెనక్కి. దోమల సంగతి ఇక చెప్పను.

కార్పొరేటర్ గారిని కలిస్తే ఎస్టిమేట్ వేయిద్దాం అన్నారు. వార్డు సచివాలయం నుంచి ఒకమ్మాయి వచ్చి ఫొటోలు తీసుకెళ్ళింది. పేపర్లో చూస్తేనేమో బడ్జెట్ వందల కోట్లు అని రాస్తారు, మా డ్రైను 5, 6 లక్షల్లో అయిపోద్దని మేస్త్రీ అంటన్నాడు. ఏప్రిల్లో ఏడాది పన్ను మొత్తం కడితే 5 శాతం రిబేటు అని పరిగెత్తుకెళ్ళి కట్టే బ్యాచ్ మేమంతా. మరి ఏ వీధికి డ్రైన్ వేయాలో ఎవరు డిసైడ్ చేస్తారు, ఏ డబ్బుల్లోంచి చేస్తారు, సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇస్తే పనవుద్దా? అర్జీ రాసే పని కాలనీ వాళ్ళు నా నెత్తిన పెట్టారు. రాజకీయాలు వద్దు ప్లీజ్, పని ఎట్టా నడుస్తదో తెలిసినోళ్ళు చెప్పండి.

మిర్చియార్డు_మామ:

అర్జీలూ గిర్జీలూ ఎందుకు తమ్ముడూ. ఓ 20 మందిని ఆటోలెక్కించి ఎమ్మెల్యే గారి ఆఫీసుకి తీసకపో, ఆడోళ్ళని ముందు నిలబెట్టు, లెటరు రాయించుకో. మా పేటలో లైట్లు అట్టాగే వచ్చినయ్.

పద్దుల_పెదనాన్న:

మున్సిపాలిటీల్లో అకౌంట్స్ సెక్షన్లోనే 31 ఏళ్ళు చేసి రిటైరయ్యా, నాలుగైదు ఊళ్ళు తిరిగా, కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తా, ఓపికుంటే చదువు బాబూ.

ముందు పేపర్లో వచ్చే ఆ అంకెని మర్చిపో. అది ఏడాదిలో వస్తదని అనుకుంటున్న డబ్బు, బీరువాలో ఉన్న డబ్బు కాదు. వచ్చినదాంట్లో కూడా చాలావరకు ముందే పేరు రాసిపెట్టి ఉంటది. 15వ ఆర్థిక సంఘం గ్రాంటే చూడు, 2021 నుంచి 26 దాకా గుంటూరు సైజు ఊళ్ళకి ఇచ్చిన దాంట్లో 60 శాతం తాగునీళ్ళకీ పారిశుధ్యానికే వాడాలి, మిగతా 40 శాతం మన అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు గానీ జీతాలకి ముట్టుకోకూడదు. సొంత ఆదాయం అంటే ఇంటి పన్ను, ఖాళీ స్థలం పన్ను, నీటి చార్జీలు, ప్లాన్ల ఫీజులు, ఇట్టాంటివి. అందులోంచే ఉండవల్లి దగ్గర కృష్ణలో తోడి తక్కెళ్ళపాడు ప్లాంటుకి నీళ్ళు పంపే మోటార్ల కరెంటు, వీధి లైట్లు, చెత్త బండ్లు, కాంట్రాక్టు మనుషుల జీతాలు. ఇవన్నీ పోగా జనరల్ ఫండులో మిగిలిన దాని కోసమే అన్ని డివిజన్లూ కొట్టుకునేది, 57 డివిజన్లు మనకి. నువ్వు కట్టిన పన్నులో కూడా లైబ్రరీ సెస్సు అని రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సంస్థకి పోద్ది, రసీదు తీసి చూసుకో. (నేను రోజూ ఫ్యాను కింద కూర్చుని నాలుగు పేపర్లు చదివేది ఆ పైసల మీదే, కాబట్టి దాన్నేం అనను.)

రెండోది, బడ్జెట్లో మీ వీధి పేరు ఉండదు. కమిషనర్ తయారు చేస్తారు, స్టాండింగ్ కమిటీ చూస్తది, కౌన్సిల్ పాస్ చేస్తది, అందులో డ్రైన్లు కల్వర్టులు అని ఒక హెడ్డూ పక్కన ఒక అంకే ఉంటాయి అంతే. వీధి పేరు వచ్చేది ఎస్టిమేట్లో. ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, వచ్చి కొలిచి ఎస్టిమేట్ వేయాలి, దానికి పరిపాలనా అనుమతి రావాలి, సాంకేతిక అనుమతి రావాలి, టెండరు, అగ్రిమెంటు, అప్పుడు పని, పనయ్యాక ఎంబుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం), దాన్ని బట్టి బిల్లు. వేయిద్దాం అన్నారంటే మీరింకా గుడి బయట చెప్పులు విప్పుతున్నారన్నమాట.

మీ వైపు ఇంకో సంగతుంది. గోరంట్ల, నల్లపాడు, రెడ్డిపాలెం, ఏటుకూరు లాంటి 10 ఊళ్ళని 2012లో కలిపారు. అప్పటికి కౌన్సిలే లేదు, పాత కౌన్సిల్ గడువు 2010లో అయిపోతే మళ్ళీ ఎన్నికలు జరిగింది 2021లో. అంటే కలిసిన తొమ్మిదేళ్ళ పాటు మీ ఊళ్ళ తరఫున లేచి నిలబడి అడిగే మనిషి లేడు. టౌన్లో పేటలకి ఎప్పటినుంచో పడి ఉన్న ఎస్టిమేట్లు ఉంటాయి, మీరు వెనకొచ్చి క్యూలో నిలబడ్డారు.

ఇక అసలు మాట. నేను ఒక ఊళ్ళో చేసేటప్పుడు, పేరొద్దులే, 180 మీటర్ల డ్రైన్ వేశారు, నంబర్ వన్ పని, గోడ మీద చెయ్యేస్తే నున్నగా అద్దంలా ఉండేది. తీసుకెళ్ళి రైసుమిల్లు ప్రహరీ గోడకి ఆపారు. అవతలికి దారి లేదు! వర్షాకాలం రాగానే ఆ డ్రైన్ పొడుగాటి తొట్టి అయి కూర్చుంది, పిల్లలు అందులో కాగితం పడవలు వదిలేవాళ్ళు. ఎంబుక్ లో పొడవు కరెక్టు, వెడల్పు కరెక్టు, లెక్కలో దమ్మిడీ తేడా లేదు, బిల్లు పాస్ చేసింది నేనే. కాబట్టి అర్జీలో డ్రైన్ కావాలి అని రాసే ముందు రెండు తెలుసుకో. మీ నీళ్ళు పోయి ఎందులో పడాలి? ఆ రోడ్డు కాగితం మీద ఎవరిది?

గోరంట్ల_గాలిపటం:

పెదనాన్న గారూ చాలా థ్యాంక్స్ అండీ. రోడ్డు ఎవరిది అంటే ఏంటండీ, రోడ్డు రోడ్డే కదా?

సింగ్‌నగర్_శిరీష:

అక్కడే ఉంది అసలు మెలిక. నేను వేరే ఊళ్ళో వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని, ఇల్లు మాత్రం బెజవాడ. (ఫొటోలు తీసుకెళ్ళిన అమ్మాయిని నేను కాదు బాబోయ్. ఆవిడ బహుశా అమెనిటీస్ సెక్రటరీ అయ్యుంటారు, నీళ్ళు రోడ్లు డ్రైన్లు వాళ్ళు చూస్తారు, ఉన్న కాలువలో పూడిక అయితే శానిటేషన్ వాళ్ళు, ప్లాన్లూ లేఅవుట్లూ మేము. ఫొటో ఏఈ గారికి వెళ్ళిందా లేదా అనేది ఆవిడనే అడగండి, గొడవపడకుండా, ఆవిడ చేతిలో డబ్బుల్లేవు.)

అప్రూవ్డ్ లేఅవుట్ అయితే రోడ్లూ, 10 శాతం ఖాళీ జాగా స్థానిక సంస్థ పేరు మీద గిఫ్ట్ డీడ్ చేసి ఇచ్చేస్తారు. అన్‌అప్రూవ్డ్ అయితే ఇంకా చాలాచోట్ల ఆ రోడ్డు పొలం అమ్మినాయన పేరు మీదే పడి ఉంటది. వేరేవాళ్ళ పేరున ఉన్న స్థలంలో ప్రజల డబ్బుతో సిమెంటు ఎందుకు పోశారు అని ఆడిట్ వాళ్ళు అడిగితే సమాధానం చెప్పాల్సింది సంతకం పెట్టినోళ్ళు, అందుకే నసుగుతారు, కాదు అని మొహం మీద చెప్పరు, చూద్దాం అంటారు. మీది పంచాయతీ టైంలో వేసిన వెంచర్ కాబట్టి అప్పట్లో పంచాయతీ పేరున గిఫ్ట్ డీడ్ ఏమన్నా అయ్యిందేమో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ సర్వే నంబరు మీద ఈసీ (ఆ స్థలం మీద అయిన రిజిస్ట్రేషన్లు చూపించే కాగితం) తీయించండి. ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్లో ప్లాట్లని రెగ్యులరైజ్ చేసే స్కీము) ఎంతమంది కట్టారో కూడా కనుక్కోండి, ఎక్కువ ప్లాట్లు రెగ్యులరైజ్ అయితే అడిగే నోరు పెద్దదవుద్ది.

నీళ్ళ దారి విషయంలో పెదనాన్న గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు మా మీద పడ్డప్పుడు నేను మేడ మీద ఉన్నా. డైవర్షన్ కాలువకి 3 గండ్లు పడి ఆ నీళ్ళు సింగ్‌నగర్ రాజరాజేశ్వరిపేట అంతా కప్పేశాయి, తర్వాత ఎన్ని రోజులకి పోయాయో చూసినోళ్ళకి తెలుసు. నీళ్ళు రావడానికి దారి అక్కర్లేదు, పోవడానికి కావాలి. అప్పటినుంచి నేను ఏ ప్లాన్ చూసినా ముందు పల్లం ఎటుందా అని చూస్తా, మా సార్లు నవ్వుతారు.

సిమెంటు_సీను:

నేను చిన్న కాంట్రాక్టర్ని, డ్రైన్లు కల్వర్టులే చేస్తా. ఒక మాట చెప్తా వినండి. 5 లక్షల బిట్టు పని ఒక్కటే పిలిస్తే ఎవడూ రాడు, ఎస్‌ఎస్‌ఆర్ (గవర్నమెంటు రేట్ల పట్టిక) రేట్లకి మిక్సర్ తెచ్చి, సెంట్రింగ్ తెచ్చి, మనుషుల్ని తీసుకొచ్చి ఆ వీధి లోపలికి పోతే గిట్టదు, పైగా బిల్లు ఎక్కాక డబ్బులు ఎప్పుడు పడతయ్యో దేవుడికే తెలవాలి. పక్క వీధులు రెండు మూడు కలిపి ఒకే పనిగా అడగండి, టెండరుకి మనిషి వస్తాడు. టెండరు పడిందో లేదో ఈ-ప్రొక్యూర్‌మెంట్ సైట్లో ఎవరైనా చూసుకోవచ్చు, ఒకరు చెప్తే నమ్మాల్సిన పన్లేదు.

ఇంకోటి, డ్రైన్ ముందు, రోడ్డు తర్వాత. జనం ఉల్టాగా సీసీ రోడ్డు ముందు అడుగుతారు, ఎందుకంటే కళ్ళకి కనపడుద్ది. రోడ్డు ఏసినప్పుడల్లా పాత దాని మీదే ఏస్తారు, ఒక్కోసారి అరడుగు లేస్తది, పదేళ్ళకి మీ గుమ్మం గుంటలోకి దిగిపోద్ది. బ్రాడీపేట అరండల్‌పేట పాత ఇళ్ళు చూడండి, మెట్లెక్కాల్సిన ఇళ్ళకి మెట్లు దిగి పోతన్నారు.

మామా, నువ్వన్న లెటరు కూడా పనికొస్తది, కాదన్ను, లెటరుంటే ఫైలు పైకొస్తది. కానీ లెటరు పట్టుకుని లెవెల్స్ చూడకుండా ఏస్తే ఆ రైసుమిల్లు గోడే.

మిర్చియార్డు_మామ:

సరే సరే, మీరు చదువుకున్నోళ్ళు. నేను చెప్పింది కూడా కలిపి చేయమను, 20 మంది పోతే తప్పేంది.

గోరంట్ల_గాలిపటం:

అప్‌డేట్ అండీ, రెండు వారాలు పట్టింది.

మేస్త్రీ దగ్గర లెవెల్ పైపు తీసుకుని ఆదివారం పొద్దున వీధంతా కొలిచాం. ఒకళ్ళం ఈ చివర ఒకళ్ళం ఆ చివర, పిల్లలంతా వెనకాల. మేం ఇన్నాళ్ళూ పల్లం ఖాళీ ప్లాటు వైపు అనుకుంటున్నాం, కాదు! అటు గుంట ఉంది కాబట్టి నీళ్ళు పోయాయి అంతే. అసలు పల్లం వీధి మధ్యలోంచి వెనక్కి, పాత డొంక (పొలాలకి పోయే బండి దారి) వైపు ఉంది, 9 అంగుళాలు తేడా. డొంక పక్కన పాత పంట కాలువ ఒకటి ఉంది, ముళ్ళకంపలు పెరిగి కనపడట్లేదు గానీ అది కిందకి పోయి పెద్ద డ్రైన్లో కలుస్తంది, మేస్త్రీ నేనూ నడిచి చూసొచ్చాం, ప్యాంటు నిండా పల్లేరుకాయలు. సర్వేయర్ దగ్గర చూస్తే డొంక పోరంబోకే.

ఈసీ కూడా తీయించా శిరీష గారూ, మీరన్నట్టే. మెయిన్ రోడ్డు పంచాయతీ పేరున గిఫ్ట్ అయింది, మా అడ్డవీధి అవ్వలేదు, ఇంకా పాతాయన పేరు మీదే ఉంది. ఆయన పోయారు, కొడుకు లక్ష్మీపురంలో ఉంటాడు, కలిస్తే నాకెందుకండీ ఆ రోడ్డు రాసిచ్చేస్తా ఖర్చులు మీరు పెట్టుకోండి అన్నాడు, మేం తలా ఇంత వేసుకుంటాం అన్నాం.

ఒక్కటే చిక్కు. మా వీధికీ డొంకకీ మధ్య ఒక ప్లాటు అడ్డం. దాని ఓనరు మంచాయన, పక్కనుంచి మూడడుగులు వదుల్తా డ్రైన్ వేసుకోండి అన్నాడు. నోటి మాటే. కావాలంటే 100 రూపాయల స్టాంపు పేపరు మీద రాసిస్తా అన్నాడు. అది జతచేసి అర్జీ ఇచ్చేయొచ్చా? మామ చెప్పినట్టు 20 మందిమీ పోతాం లెండి, మామ్మగారు కూడా వస్తానంటంది.

పద్దుల_పెదనాన్న:

శభాష్ బాబూ. స్టాంపు పేపరు చాలదు. ఆయన రేపు ఆ ప్లాటు అమ్మితే కొన్నవాడు మొదటి రోజే ఆ మూడడుగుల మీద గోడ లేపుతాడు, మళ్ళీ నా రైసుమిల్లే. వీధితో పాటే ఆ మూడడుగులు కూడా కమిషనర్ పేరున రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ చేయించండి, ముందు ప్లానింగ్ సెక్షన్లో డ్రాఫ్టు చూపించి, ఏ పేరుతో రాయాలో అడిగి రాయించండి.

అర్జీలో కథ వద్దు. సర్వే నంబరు, పొడవెంత, నీళ్ళు ఎందులో కలుస్తయ్యో, గిఫ్ట్ డీడ్ నంబర్లు, పక్క రెండు వీధులు కలిపి ఎన్ని ఇళ్ళు, అంతే, ఒక పేజీ. చేతి స్కెచ్చు ఒకటి వేసి పెట్టు, 9 అంగుళాలు అని బాణం గుర్తు పెట్టి. రసీదు నంబరు తీసుకో. నెలా రెండు నెల్లు చూసి కదలకపోతే ఆర్టీఐ (సమాచార హక్కు దరఖాస్తు) వేయి, 10 రూపాయలు, 30 రోజులు, ఎందుకు వేయలేదు అని అడగొద్దు, దానికి జవాబు రాదు. ఎస్టిమేట్ నంబరు ఎంత, ఏ తేదీన ఎవరి దగ్గరికి పోయింది, కాపీ ఇవ్వండి అని అడుగు. పనయ్యాక ఎంబుక్ చూస్తాం, పని దగ్గరికొచ్చి చూస్తాం అని కూడా అడగొచ్చు, చట్టంలో ఉంది అది.

సిమెంటు_సీను:

ఆ పంట కాలువలో కంప ఇప్పుడే కొట్టించండి అన్నా. ఏఈ గారు చూడ్డానికి వచ్చినప్పుడు కాలువ కనపడాలి కదా.

గోరంట్ల_గాలిపటం:

ఆదివారం పెట్టుకున్నాం అన్నా. కత్తులు నాలుగే ఉన్నయ్, ఎవరన్నా ఇస్తే తెచ్చుకుంటాం.