పాటలు ముందు, కథ తర్వాత: దానిని నాటకం అనవచ్చునా?

కపిలతీర్థం దారి (తిరుపతి):

మొన్న మహతి ఆడిటోరియంలో ఒక నృత్యరూపకం చూసి బయటికి వస్తూ మిత్రులతో మొదలుపెట్టిన వాదం ఇంకా తెగలేదు కనుక దానిని ఇక్కడ ఉంచుతున్నాను. ఒక రాక్ గాయకుడు ఏ నాటకాన్నీ మనసులో పెట్టుకోకుండా ఎప్పుడో రాసుకున్న పాటలను మరొకరు ఏరి, వాటి చుట్టూ కథ అల్లి రంగస్థలం మీదికి తెస్తే, దానిని నాటకం అనవచ్చునా, లేక అది వేషాలు కట్టిన పాటకచ్చేరీయేనా? పాశ్చాత్యులు వీటిని జూక్‌బాక్స్ మ్యూజికల్స్ అంటారు. నాణెం వేస్తే కోరిన పాట వినిపించే పెట్టె పేరు పెట్టడంలోనే కొంత చిన్నచూపు ఉన్నది.

నాటకమే అన్నది నా పక్షం. 2004లో మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు న్యూయార్క్‌లోని రిచర్డ్ రాడ్జర్స్ థియేటర్‌లో ‘మూవిన్ అవుట్’ చూశాను. అమెరికన్ రాక్ గాయకుడు బిల్లీ జోయెల్ పాటలతో ట్వైలా థార్ప్ అనే నృత్యదర్శకురాలు కూర్చిన ఈ ప్రదర్శన 2002 అక్టోబరులో మొదలై 2005 డిసెంబరులో ముగిసే నాటికి 1,303 సార్లు ఆడింది. అందులో పాత్రలు మాట్లాడవు, పాడవు. రంగస్థలం మీద ఎత్తుగా కట్టిన వేదికపై ఒక గాయకుడు పియానో ముందు కూర్చుని, వెనుక వాద్యబృందంతో పాటలన్నీ తానే పాడుతుంటాడు. కింద నర్తకులు నోరు విప్పకుండా, న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలండ్‌లో కలిసి పెరిగిన కొందరు స్నేహితులు వియత్నాం యుద్ధానికి వెళ్లడం, ఒకరిని పోగొట్టుకుని తిరిగి రావడం, ఇంటికి వచ్చాక కూడా నిలదొక్కుకోలేకపోవడం ఆడి చూపిస్తారు. బ్రెండా, ఎడ్డీ ఒకే పాటలోని జంట; టోనీ, జూడీ, జేమ్స్ అనే పేర్లు జోయెల్ వేర్వేరు సంవత్సరాలలో రాసిన వేర్వేరు పాటలలోనివి. అలా వేర్వేరు పాటలలో ఉన్న ఆ మనుషులను ఒకే వీధివాళ్లుగా చేసింది థార్ప్. పక్కన నట్టువాంగం, గాత్రం సాగుతుండగా అభినయించే కూచిపూడికి అలవాటుపడిన నాకు అది కొత్తగా తోచలేదు. పాట ముందే ఉన్నంత మాత్రాన కథ కథ కాకుండా పోతుందా?

చిత్తూరు హార్మోనియం:

తమరు చూసింది మంచి ఉదాహరణ కావడం వల్ల తమకు ఈ జాతి మొత్తం మీద దయ కలిగినట్టున్నది. నేను 2011లో లండన్‌లోని డొమినియన్ థియేటర్‌లో ‘వి విల్ రాక్ యూ’ చూశాను. క్వీన్ అనే బ్రిటిష్ రాక్ బృందం పాటలకు బెన్ ఎల్టన్ కథ రాశాడు. 2002 మే నుంచి 2014 మే దాకా పన్నెండేళ్లు ఆడింది కనుక జనాదరణ లేదని నేను అనను. ద్వారం మీద ఆ బృందం గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ బంగారు రంగు విగ్రహం చెయ్యెత్తి నిలబడి ఉండేది; జాంజిబార్‌లో పుట్టి, మన పాంచ్‌గనిలో బడికి వెళ్లిన మనిషి ఆ ఊరి నడిబొడ్డున అలా నిలబడడం చూసి సంతోషించిన మాట నిజం. లోపలికి వెళ్లాకే నా తగాదా మొదలైంది.

కథ ఇది. కొన్ని వందల ఏళ్ల తరువాతి భూమి మీద ఒక పెద్ద కంపెనీ వాద్యాలను నిషేధిస్తుంది. గెలీలియో, స్కారమూష్ అనే ఇద్దరు యువజనులు మరుగునపడిన రాక్ సంగీతాన్ని వెతుకుతూ బయలుదేరుతారు. ఆ రెండు పేర్లూ క్వీన్ వారి ‘బొహీమియన్ రాప్సొడీ’ పాటలో ప్రాసకోసం దొర్లిన మాటలు, ప్రతినాయిక పేరు మరో పాట శీర్షిక. అంటే పాటలోని ముక్కకు ముఖం తగిలించి పాత్ర అన్నారు. కథ రెండడుగులు నడవగానే పాట వస్తుంది, జనం చప్పట్లకు చేతులు పైకెత్తుతారు, గెలీలియో ఎక్కడ ఉన్నాడో ఎవరికీ పట్టదు. అసలు కథ అయిపోయాక ‘బొహీమియన్ రాప్సొడీ’ కావాలా అని తెర మీద అక్షరాలలో అడిగి, ప్రేక్షకులు అరిచాక పాడారు. నాటకం ముగిసిన తరువాత ఇచ్చిన పాట నాటకానికి చెందినదా, కచ్చేరీకి చెందినదా?

మా పద్యనాటకాలలోనూ వన్స్ మోర్ కొడితే కృష్ణుడు రాయబారం ఆపి అదే పద్యాన్ని మళ్లీ రాగం తీస్తాడు, నేను హార్మోనియం మీద కూర్చుని ఎన్ని రాత్రులు ఆ ఆలాపనకు శ్రుతి పట్టానో లెక్క లేదు. అయినా ఆ పద్యాన్ని తిరుపతి వేంకట కవులు ఆ ఘట్టం కోసమే రాశారు. (ఆ జంటకూ మన తిరుపతికీ పేరులో తప్ప ఊరి సంబంధం లేదని ఇక్కడి పిల్లలకు ప్రతిసారీ చెప్పవలసి వస్తున్నది.) ఎంత సాగదీసినా పద్యం తన ఇంట్లోనే ఉంటుంది. రాక్ పాట అద్దె ఇంట్లో ఉంటుంది.

బెంగళూరు బస్సు:

ఇదంతా టికెట్లు అమ్ముకునే ఉపాయమని, తెలిసిన పాట ఉంటే జనం వస్తారని ఒక్క మాటలో తేల్చవచ్చు గదా.

కపిలతీర్థం దారి:

తేల్చలేమండీ. తెలిసిన పాట ఉంటే చాలు అనే లెక్క నిజమైతే 2005లో బీచ్ బాయ్స్ అనే రాక్ బృందం పాటలతో వచ్చినదీ, అదే ఏడు బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ పాటలతో వచ్చినదీ న్యూయార్క్ నాటకశాలల కేంద్రమైన బ్రాడ్‌వే మీద నిలబడి ఉండేవి. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం థార్ప్‌దే. ‘మూవిన్ అవుట్’ చేసిన ఆమే 2006లో అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్ పాటలను ఒక సర్కస్ కథలో పెట్టి చేస్తే 28 ప్రదర్శనలకే మూసివేశారు. నృత్యదర్శకురాలు ఒకరే, పాటలు అంతకన్నా పేరున్నవే. పోయింది కథ దగ్గరే.

యూనివర్సిటీ పాత విద్యార్థిని (తిరుపతి):

డిలన్ పేరు వచ్చింది కనుక కలుగజేసుకుంటున్నాను. హార్మోనియం అన్నా, పాట అద్దె ఇంట్లో ఉంటుందన్న మీ మాట బాగుంది గాని అది మన ఊళ్లో నిలవదు. అన్నమాచార్యుల రాగిరేకుల మీద సాహిత్యం ఉన్నది, రాగం పేరు ఉన్నది, స్వరలిపి లేదు. ఈనాడు మనం వినే వరుసలు చాలావరకు గత నూరేళ్లలోపు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు మొదలుకొని పలువురు కట్టినవి. ఆ కీర్తనలను ఏరి, వాటి మధ్య ఒక జీవితకథ అల్లి 1997లో ‘అన్నమయ్య’ సినిమా తీస్తే ఇది జూక్‌బాక్స్ అని ఎవరూ అనలేదు. అంతకు ముందు 1946లో త్యాగరాజ కీర్తనలతో ‘త్యాగయ్య’ తీసి, తానే నటించినది ఎవరు? మీ చిత్తూరు పేరును ఇంటిపేరులా మోసిన నాగయ్య గారే.

రాక్ పాట విషయంలో ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, మనకు కీర్తన అంటే సాహిత్యం, దానిని ఎవరు పాడినా అది అదే కీర్తన. రాక్ అభిమానికి పాట అంటే ఆ రికార్డు, ఆ ఏడాది ఆ గొంతు, ఆ గిటారు. రికార్డును వేరొకరి నోట వింటే అతనికి దొంగసొత్తులా తోస్తుంది. అందుచేత ఇలాంటి నాటకం కట్టేవారి ముందు రెండు దారులు ఉంటాయి: రికార్డును అచ్చంగా అనుకరించడం, లేదా దానిని ధైర్యంగా విప్పడం. మీరు లండన్‌లో చూసింది మొదటిది.

రెండవది నేను 2018 ఫిబ్రవరిలో అదే లండన్‌లో చూశాను. డిలన్ పాటలను వాడుకునే స్వేచ్ఛను కానర్ మెక్‌ఫర్సన్ అనే ఐరిష్ నాటకకర్తకు అప్పగిస్తే, ఆయన ‘గర్ల్ ఫ్రమ్ ద నార్త్ కంట్రీ’ అని రాసి 2017లో అక్కడి ఓల్డ్ విక్ నాటకశాలలో ఆడించాడు. డిలన్ 1941లో పుట్టిన అమెరికాలోని డులూత్ పట్టణంలోనే, అయితే ఆయన పుట్టుకకు ఏడేళ్ల ముందు, 1934 నాటి ఆర్థికమాంద్యంలో అప్పులలో మునిగిన ఒక వసతిగృహంలో కథ నడుస్తుంది. వాద్యాలు కూడా ఆ కాలానికి తగినవే: పియానో, వయొలిన్, డబుల్ బాస్ వంటివి. ఇంటి యజమాని భార్య ఎలిజబెత్‌కు మతి చెదిరింది. ఎదుటివారిని గుర్తుపట్టేదీ పట్టనిదీ తెలియని ఆమె ఉన్నట్టుండి లేచి, పాతకాలపు మైకు ముందుకు వచ్చి డిలన్ పాట ‘లైక్ ఎ రోలింగ్ స్టోన్’ అందుకుంటుంది. 1965 రికార్డులో అది సంపద పోగొట్టుకున్న ఒక స్త్రీని నిలదీసే పాట. ఇక్కడ ఇల్లూ వాకిలీ మనసులోంచి జారిపోతున్న స్త్రీయే దానిని పాడుతున్నది. ఒక్క మాటా మార్చలేదు, పాట తిరగబడింది. ఆ పాట కథను ఆపలేదు, సూటిగా చెప్పనూ లేదు, ఆమె చెప్పలేనిదానిని చెప్పింది.

కపిలతీర్థం దారి గారికి కూడా ఒక చిన్న సవరణ: పక్కన గాత్రం, ముందు అభినయం అన్నది ఈనాటి కూచిపూడి వాడుక, భామాకలాపంలో భామ తానే మాట్లాడుతుంది, తానే పాడుతుంది. థార్ప్ చేసినది మన పాత పద్ధతి కన్నా ఇంకా మౌనమైనది.

చిత్తూరు హార్మోనియం:

నాగయ్య గారిని తెచ్చి నా మీద పెడతావనుకోలేదమ్మా. ఆయన చిత్తూరు రామవిలాస సభ వేదిక మీద తేలిన నటుడు, ఆయన జోలికి నేను పోను. కాని త్యాగయ్య కీర్తనలు త్యాగయ్య కథలోకి వస్తే అది పుట్టింటికి రావడమే. గెలీలియో కథలోకి క్వీన్ పాట రావడం వేరు.

మరొకటి కూడా ఒప్పుకుంటాను, వాదం కోసం దాచడం బాగుండదు. మా వైపు ద్రౌపదమ్మ గుడిలో పద్దెనిమిది రోజులు మహాభారత యజ్ఞం జరుగుతుంది కదా, పగలు భాగవతార్ భారతం హరికథ చెబుతూ, అభిమన్యుడు పడిపోయే చోట, సందర్భం సరిపోతుందనిపిస్తే త్యాగరాజ కీర్తన అందుకుంటాడు. చింతచెట్టు కింద కూర్చున్న ముసలమ్మలు కంటతడి పెట్టుకుంటారే తప్ప ఈ పాట ఇక్కడిది కాదని ఎవరూ అనరు. కనుక పాట అరువుదైతే నాటకం కాదన్న నా మొదటి మాటను వెనక్కి తీసుకుంటాను. దాని స్థానంలో ఒకటి అడుగుతాను: ఆ ముసలమ్మలకు ఆ కీర్తన ముందే తెలిసి ఉండనవసరం లేదు. లండన్‌లో నా చుట్టూ ఉన్నవారిలో పాటలు తెలియనివాడు ఒక్కడున్నా, వాడికి ఆ సాయంత్రం ఏమి మిగిలి ఉంటుంది? తమరు చూసినదానికి ఈ పరీక్ష పెట్టి చెప్పండి.

కపిలతీర్థం దారి:

పరీక్ష ఆనాడే జరిగింది. ఆ రోజు నా పక్కన కూర్చున్న మా ఆవిడకు బిల్లీ జోయెల్ ఎవరో తెలియదు, పాటల ఇంగ్లీషు అంతకన్నా అందలేదు. మొదటి అరగంట ఆ గాయకుడికి అంత ఎత్తున కుర్చీ ఎందుకు వేశారని అడుగుతూ కూర్చున్నది. యుద్ధం దృశ్యం ముగిశాక గానం ఆగిపోయి వాద్యసంగీతం ఒక్కటే మిగిలిన ఘట్టంలో, నల్ల దుస్తులలో జూడీ వచ్చినప్పుడు నా మోచెయ్యి పట్టుకుని, “పోయింది ఆ పొడుగు పిల్లవాడేనా?” అన్నది. ఔనన్నాను. విరామంలో మా అబ్బాయి కాఫీ తెస్తే ఆమె తాగలేదు.