పిల్లల పేర పొలం రాస్తే భరణం తీరినట్టేనా?

మూసీగట్టు:
విడాకుల కోసం మన పెద్దమనుషుల పంచాయితీల్లో తరచూ కుదిరే ఒప్పందమిది. లెక్క కోసం ఇట్లా అనుకుందాం. మిర్యాలగూడ దగ్గర భర్తకు 22 ఎకరాల పట్టా, రైస్‌మిల్లులో మూడో వంతు వాటా. కొడుక్కి 9 ఏళ్లు, బిడ్డకు 4. "6 ఎకరాలు పిల్లల పేర చేస్తడు, ఆమె ఇగ భరణం అడగొద్దు" అని తీర్మానం. నేను దీన్ని సమర్థిస్తాను. చేతికిచ్చిన డబ్బు నిలవదు, భూమి నిలుస్తుంది. కోర్టు అనుమతి లేకుండా మైనరు భూమిని కన్నతండ్రి కూడా అమ్మలేడు.

పాలమూరు వకీలు:
అమ్మలేడు, నిజమే. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 8వ సెక్షన్ అదే చెబుతుంది. కానీ దున్నుకోవచ్చు, కౌలుకు ఇయ్యవచ్చు కదా అన్నా. 6వ సెక్షన్ ప్రకారం మైనరు ఆస్తికి సహజ సంరక్షకుల్లో ముందు తండ్రే. 5 ఏళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గర ఉండాలన్నది పెంపకం సంగతి, ఆస్తి సంగతి కాదు. పట్టా పిల్లల పేరున, కౌలు డబ్బు తండ్రి చేతికి! స్కూలు ఫీజు కట్టే తల్లికి గింజ కూడా రాదు. రాజీ డిక్రీలోనే ఆ భూమికి తల్లిని సంరక్షకురాలిగా పెట్టించి, ఫలానా తేదీన స్వాధీనం ఇచ్చినట్టు రాయించాలి.

ఇంకొకటి. ఆ భూమి పిత్రార్జితమైతే పిల్లలకు, ఆడపిల్లతో సహా, పుట్టుకతోనే వాటా ఉంది. వాళ్లది వాళ్లకిచ్చి భార్య భరణంలో కోత పెట్టడం అన్యాయం. స్వార్జితమైతేనే అది నిజంగా ఇచ్చినట్టు.

ఎడమకాలువ ఆయకట్టు:
6 ఎకరాలు అని రాస్తే సరిపోదు, ఏ 6 ఎకరాలు? సర్వే చేయించి హద్దురాళ్లు పాతించాలి. తూము ఎటుంది, బోరు ఎవరి ముక్కలో పడింది, ట్రాన్స్‌ఫార్మర్ ఎటు, ట్రాక్టర్ పోయే బాట ఎటు? బోరు తండ్రి వైపు ఉండిపోతే యాసంగిలో ఆ 6 ఎకరాలు బీడే. 2020 చివర్లో ధరణి పోర్టల్ (2025 నుంచి భూభారతి) వచ్చినప్పటి నుంచి సాగుభూమి రిజిస్ట్రేషన్ తహసీల్దారు దగ్గర జరుగుతోంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఈసీ (ఆస్తి లావాదేవీలు, తనఖాలు చూపే పత్రం) ఒక్కటే తీసి "క్లియర్" అనుకునేవాళ్లు మోసపోతారు. ఆ భూమి మిల్లు అప్పుకు తనఖాలో ఉందేమో బ్యాంకులో కూడా అడగాలి.

తంగేడుపువ్వు:
అసలు భార్యకు సగం రాదా?

పాలమూరు వకీలు:
రాదు అక్కా. పెళ్లయ్యాక సంపాదించినదాంట్లో సగం అనే చట్టం మన దేశంలో లేదు. భరణం ఉన్నది సంపద సమానం చేయడానికి కాదని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో చెప్పింది. అదే తీర్పులో ఆ కేసులోని భార్యకు 12 కోట్లు ఇప్పించింది కూడా. బంగారం, పెట్టుపోతలు స్త్రీధనం. అవి ఆమెవే, భరణం లెక్కలో కలపకూడదు.

లెక్కల పుస్తకం:
అసలు డబ్బు మిల్లులో ఉంది, దాని ఊసే ఎత్తలేదు. భర్త ఐటీ రిటర్ను చూస్తే పేదవాడిలా కనబడతాడు. ఎందుకంటే వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు, భాగస్వామ్య సంస్థ నుంచి వచ్చే లాభం వాటాకూ అతని చేతిలో పన్ను లేదు. అడగాల్సింది సంస్థ బ్యాలెన్స్ షీటు, అందులో అతని క్యాపిటల్ ఖాతా, సొంతానికి వాడుకున్న మొత్తాలు, క్యాష్ క్రెడిట్ (వ్యాపార అప్పు) కోసం బ్యాంకుకిచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్ (సరుకు లెక్క). అప్పు కోసం బ్యాంకు ముందు ఎవరూ తక్కువ చెప్పరు. అయితే గోదాములో బస్తాల కొండ చూసి లెక్క కట్టొద్దు. సీఎంఆర్ వడ్లు, అంటే మరాడించి బియ్యంగా తిరిగియ్యమని మిల్లుకు ఇచ్చినవి, సర్కారువి. బియ్యం బాకీ ఉంటే ఆ భారం భాగస్వాముల మీదే.

2020 నవంబరు 4 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తి, అప్పుల అఫిడవిట్ ఇవ్వాలి. పరస్పర అంగీకారంతో విడాకులకు పోతే అడిగేవాళ్లు లేక ఇవేవీ బయటికి రావు. మొదటి పిటిషన్ మీద సంతకానికి ముందే అడగండి.

మూసీగట్టు:
బోరు సంగతి, సంరక్షకురాలి సంగతి ఒప్పుకుంటా. కానీ రొక్కమిస్తే ఆమె పుట్టింటోళ్లు వాడుకోరని నమ్మకమేంది?

పాలమూరు వకీలు:
ఆ భయం పిల్లల వాటాకు సరే, ఆమె వాటాకు వర్తించదు. పిల్లల డబ్బు వాళ్ల పేర ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి వడ్డీ నెలనెలా తల్లి ఖాతాకు మళ్లిస్తే అసలు కదలదు. ఆమె తన భరణం వదులుకున్నా పిల్లల పోషణ హక్కును వదులుకునే అధికారం ఆమెకు లేదు. "పొలం ఇస్త, కొడుకును నాకు వదిలెయ్" అన్న షరతుకూ కోర్టు కట్టుబడదు. పిల్లల మేలే చూస్తుంది. 9 ఏళ్ల పిల్లవాణ్ని జడ్జి విడిగా మాట్లాడించి అడగొచ్చు.

పరస్పర అంగీకార విడాకుల్లో మొదటి, రెండో పిటిషన్ల మధ్య 6 నెలల గడువు ఉంటుంది. దాన్ని మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు అన్నది. కానీ పొలం తీసుకునేవాళ్లు తొందరపడొద్దు. రిజిస్ట్రేషన్, పాసుపుస్తకం, హద్దులు ఆ 6 నెలల్లోనే పూర్తి కావాలి. మిగిలిన రొక్కం డీడీ రూపంలో రెండో పిటిషన్ రోజు కోర్టులోనే చేతికి రావాలి. డిక్రీ అయినంక రాస్తానంటే ఒప్పుకోవద్దు, పొలం రాసిచ్చేదాకా రెండో పిటిషన్ మీద సంతకం పెట్టొద్దు.