అప్‌డేట్: 1881-ఎస్ మోర్గాన్ డాలర్ మీది పచ్చటి జిగురు పోయింది

నా దగ్గరున్న 1881-ఎస్ మోర్గాన్ డాలర్ (శాన్ ఫ్రాన్సిస్కోలో ముద్రించిన పాత అమెరికా వెండి నాణెం; ‘ఎస్’ ఆ ఊరి గుర్తు) మీద, లిబర్టీ అనే స్త్రీ బొమ్మ చెంప మీద పచ్చగా, జిగటగా మరకలు వచ్చాయని ఇంతకుముందు అడిగాను కదా, విషయం తేలింది. అసిటోన్‌లో ముంచమని, బేకింగ్ సోడాతో రుద్దమని, నకిలీయేమో చూడమని సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

నాణేల డీలర్ భూతద్దంతో చూసి, ఇది మామూలు చిలుము కాదు, పీవీసీ అనే ప్లాస్టిక్ వల్ల వచ్చిన జిగురు అన్నారు. మెత్తటి ప్లాస్టిక్ కవర్లో ఏళ్లతరబడి ఉంటే అందులోంచి ఊరే రసాయనాలు నాణెంలోని 10 శాతం రాగిని పట్టి ఇలా పచ్చబడతాయి.

పనిచేసింది అసిటోన్ (జిగురును కరిగించే ద్రవం) సలహాయే. హార్డ్‌వేర్ షాపులో దొరికే స్వచ్ఛమైనది కావాలి. నెయిల్ పాలిష్ రిమూవర్‌లో రంగు, నూనె కలుస్తాయి. కిటికీలు తెరిచి, మంటకు దూరంగా, గాజు గిన్నెలో పది నిమిషాలు నానబెట్టి, అంచులు పట్టుకుని తీసి, కొత్త అసిటోన్‌లో ఇంకోసారి ముంచాలి. దూది, గుడ్డ అసలు తగలనివ్వొద్దు, ఆరనిస్తే చాలు. రుద్దితే మెరుపు పోతుంది, అది మళ్లీ రాదు. బేకింగ్ సోడా సలహా అందుకే వద్దు.

చెంప మీద జిగురు తన కిందున్న లోహాన్ని కొంచెం తినేసింది, ఆ మచ్చ ఉండిపోతుంది.

నకిలీయేమోనన్న అనుమానానికీ మరకకీ సంబంధం లేదు. బరువు కూడా సరిపోయింది: నాది 26.7 గ్రాములు, ప్రమాణం 26.73. ఇప్పుడు నాణెం పీవీసీ లేని మైలార్ ఫ్లిప్‌లో (వేరే రకం ప్లాస్టిక్‌తో చేసిన నాణేల కవర్) ఉంది. మీ నాణేలు ఏవైనా అలాంటి మెత్తటి కవర్లలో ఉంటే వాటినీ వెంటనే మార్చండి.