సీరంలో మైక్రోఆర్‌ఎన్‌ఏ నార్మలైజేషన్ (శాంపిళ్లని ఒకదానితో ఒకటి పోల్చేలా కొలతలు సరిచేయడం) కుదరట్లేదు, కాస్త చెప్పండి

నమస్కారమండి. శ్రీకాకుళంలో అండాశయ క్యాన్సర్ పేషెంట్ల దగ్గర ఆపరేషన్‌కి ముందు తీసిన సీరంలో మిర్-200సి అనే మైక్రోఆర్‌ఎన్‌ఏ (జీన్ల పనిని అదుపుచేసే చిన్న ఆర్‌ఎన్‌ఏ) ఎంతుందో చూస్తున్నాను, జబ్బు తిరగబెట్టడానికీ దానికీ లింకుందేమోనని. బయటనుంచి కలిపిన సెల్-మిర్-39 (మనుషుల్లో ఉండని, ఒక పురుగు మైక్రోఆర్‌ఎన్‌ఏ) సీటీ (పీసీఆర్‌లో సిగ్నల్ కనబడే సైకిల్ నంబరు, అది పెరిగితే సరుకు తక్కువున్నట్టు) అన్నిట్లో 20 దగ్గరే వస్తోంది, అంటే ఆర్‌ఎన్‌ఏ ఎక్స్‌ట్రాక్షన్ బానే ఉన్నట్టు, కానీ రిఫరెన్స్‌గా, అంటే పోలిక కోసం పెట్టుకున్న చిన్న ఆర్‌ఎన్‌ఏల్లో యూ6 ఏమో 35 దాటిపోతోంది, మిర్-16 ఎర్రకణాలు పగిలిన శాంపిల్‌లో అమాంతం పెరిగిపోతోంది. రక్తం వైజాగ్ పంపకుండా ఇక్కడే సెంట్రిఫ్యూజ్ చేయించాను, మిర్-23ఎ, మిర్-451ఎ సీటీల తేడా 7 దాటినవి (ఎర్రకణాలు పగిలాయనడానికి గుర్తు) పక్కన పెట్టేశాను, అయినా మిగతావాటిలో మిర్-16 రెండు మూడు సైకిళ్లు అటూఇటూ అవుతూనే ఉంది. వాళ్లకి కీమో మొదలైపోయింది, ఆ శాంపిల్ మళ్లీ తీయలేం, నమ్మి ఇచ్చిన రక్తం ఒక్క చుక్కా వేస్ట్ కాకూడదండి. సీరం మీద పనిచేసినవాళ్లు చెప్పండి, మిర్-16 బదులు ఏ రిఫరెన్స్ వాడితే మీకు నిలకడగా వచ్చింది?