ఆటిజం, బుద్ధిమాంద్యం ఉన్నవారి సేవలపై జిల్లా ఖర్చు లెక్కలు ఎవరిని అడగాలి?

కావలిలో ఉంటూ, ఆటిజం, బుద్ధిమాంద్యం, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారి సేవలకు నెల్లూరు జిల్లాలో ప్రభుత్వం పెడుతున్న ఖర్చును అధ్యయనం చేస్తున్నాను. నెలనెలా ఇచ్చే పింఛను లెక్క తేలికే. ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ, భవిత కేంద్రాల (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేవి) ఖర్చులే వేర్వేరు శాఖల పద్దుల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించినా, నేను చూసిన పద్దుల్లో అన్నింటినీ ఒకే గాటన కట్టేశారు. సమాచార హక్కు కింద అడిగితే ఒక కార్యాలయం ‘విడిగా నమోదు చేయలేదు’ అని ఒక్క ముక్కలో తేల్చేసింది. (మేనల్లుణ్ణి వారానికి రెండుసార్లు థెరపీకి తీసుకెళ్లే మా అక్క మాత్రం బస్సు టిక్కెట్లతో సహా నోటుపుస్తకంలో రాసుకుంటుంది.) సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(3) కింద దరఖాస్తును సంబంధిత శాఖకు బదిలీ చేయించుకుని ఇలాంటి వివరాలు రాబట్టినవారు, ఏ అధికారిని, ఏ పద్దు పేరుతో అడగాలో దయచేసి తెలియజేయగలరా?