క్యాష్‌బ్యాక్ కార్డు మన గోదావరి జిల్లాల్లో ఇంటి ఖర్చులకు కలిసొస్తుందా?

కొత్తపేట కోడలు

హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడిది ఒకటే పోరు. "అక్కా, నెలకి ముప్పై వేలు ఖర్చుపెడుతున్నారు, ఒక్క పైసా వెనక్కి రావట్లేదు, క్యాష్‌బ్యాక్ కార్డు తీసుకో" అని. మావయ్యగారేమో "పేరు ఏది పెట్టినా అది అప్పే, మనకొద్దు" అంటారు. మధ్యలో నేను నలిగిపోతున్నాను.

మా లెక్క ఇదీ. కిరాణా, బియ్యం కలిపి 8 వేలు. రెండు బళ్ళ పెట్రోలు 3 వేలు. కరెంటు 2 వేలు. పాప స్కూలు ఫీజు నెలకి 5 వేలు. ఆన్‌లైన్‌లో బట్టలూ సామాన్లూ 6 వేలు. మిగతాది పాలు, కూరలు, చేపలు, మందులు. మా ఇద్దరివీ నెల జీతాలే. కార్డు తీసుకోవచ్చా? తీసుకుంటే ఏ ఖర్చు దాని మీద వేయాలి? వాడుతున్నవాళ్ళు చెప్పండి.

లెక్కలబాబు, కాకినాడ

తీసుకోండి. కాకపోతే ముప్పై వేలకీ 5 శాతం వస్తుందని మాత్రం అనుకోకండి.

ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్ కార్డునే చూద్దాం. 2022లో వచ్చింది. ఆన్‌లైన్‌లో కొంటే 5 శాతం, షాపులో గీకితే 1 శాతం. ఏడాది ఫీజు 999, జీఎస్‌టీ కలిపితే 1,179. పెట్రోలు, కరెంటు, స్కూలు ఫీజు, బంగారం, ఇన్సూరెన్సులకి క్యాష్‌బ్యాక్ లేదు. అంటే మీ ఖర్చులో పది వేలు మొదట్లోనే అవతలికి పోయాయి.

మిగిలినవి రెండు. ఆన్‌లైన్ 6 వేల మీద నెలకి 300, ఏడాదికి 3,600. కిరాణా కొట్లో కార్డు గీకనిస్తే 8 వేల మీద నెలకి 80, ఏడాదికి 960. మొత్తం 4,560. ఫీజు తీసేస్తే చేతికి 3,381. ఏడాదికి 2 లక్షలు ఖర్చుపెడితే ఫీజు మాఫీ అన్నారు. మీవి ఈ రెండూ కలిపి 1.68 లక్షలే అవుతాయి. దసరాకి ఫ్రిజ్జో వాషింగ్ మెషీనో కొన్న ఏడాది గట్టెక్కుతారు, మిగతా ఏళ్ళు కట్టాల్సిందే.

మీరు కొనేది ఎక్కువగా అమెజాన్‌లోనే అయితే ఐసీఐసీఐ వాళ్ళ అమెజాన్ పే కార్డు చూడండి. ఏడాది ఫీజు లేదు. అమెజాన్ ప్రైమ్ సభ్యత్వం ఉంటే అమెజాన్ కొనుగోళ్ళ మీద 5 శాతం, లేకపోతే 3. నిబంధనలు మారుస్తూ ఉంటారు కాబట్టి ఏ కార్డు తీసుకున్నా ఆ రోజుకి ఉన్న షరతులు చదివి సంతకం పెట్టండి.

మీ తమ్ముడికి బాగా కలిసి రావడానికి కారణం కార్డు కాదు. అక్కడ అతను ఉప్పూ పప్పూ కూడా యాప్‌లోనే తెప్పించుకుంటాడు, కాబట్టి కిరాణాకి కూడా 5 శాతం పడుతుంది. మీరు కొట్టుకెళ్ళి కొంటారు.

కొట్టు కుర్చీ, పాలకొల్లు

కొట్టు సంగతి వచ్చింది కాబట్టి అవతలివైపు మాట కూడా వినండి. ఇరవై ఏళ్ళ పైబడి కిరాణా నడుపుతున్నాను.

మా కొట్లో గీకే మిషన్ లేదు. ఉన్నది స్కానర్ ఒక్కటే. స్కానర్ మీద పనిచేసే క్రెడిట్ కార్డు రూపే ఒక్కటే, అదీ 2022 నుంచి. మీ కార్డు వీసా అయితే నా కొట్లో పనికిరాదు. రూపే అయినా అందరి స్కానర్లకీ వెళ్ళదు. వ్యాపారం పేరు మీద తీసుకున్న స్కానర్ అయితేనే వెళుతుంది. మా పక్కన కూరగాయలమ్మే ఆవిడ వాళ్ళబ్బాయి సొంత నంబరు స్కానర్ పెట్టుకుంది. దానికి క్రెడిట్ కార్డు నుంచి కొడితే పోదు.

రెండు వేల లోపు కొడితే చిన్న కొట్టువాళ్ళకి కోత లేదు. దాటితే మాకొచ్చే డబ్బులో కొంత పోతుంది. నెల సరుకుల బిల్లు రెండు వేలు ఎలాగూ దాటుతుంది కదండీ. మొన్న ఒకాయన 26 కిలోల బియ్యం బస్తా, నూనె డబ్బా, కందిపప్పు తీసుకున్నాడు. బిల్లు 4 వేల పైన. ఫోన్ తీసి రూపే కార్డు నుంచి కొట్టబోయాడు. "బాబూ, బ్యాంకు ఖాతా నుంచి కొట్టు, వంద తగ్గిస్తాను" అన్నాను. వెంటనే అలాగే కొట్టాడు. ఆయనకి కార్డు మీద వచ్చేది 40 రూపాయలు, నేను తగ్గించింది వంద. నాకూ నష్టం లేదు, కార్డు కోత తప్పింది, డబ్బు ఖాతాలో పడింది.

ఇంకోటి, మా దగ్గర పద్దు ఉంది. జీతం పడ్డాక తీరుస్తామన్నవాళ్ళకి నేను వడ్డీ వేయను, వారం ఆలస్యమైతే ఫోన్ చేసి విసిగించను. ఆ వెసులుబాటు ఏ కార్డూ ఇవ్వదు.

స్కూటీ సవారీ

పెట్రోలు గురించి ఎవరూ వివరంగా చెప్పలేదు. బంకులో క్రెడిట్ కార్డు గీకితే 1 శాతం సర్‌ఛార్జి పడుతుంది, దాని మీద జీఎస్‌టీ. ఆ సర్‌ఛార్జి వెనక్కి ఇస్తామంటారు గానీ చాలా కార్డులకి 400 లేదా 500 రూపాయలు దాటి కొట్టిస్తేనే. జీఎస్‌టీ మాత్రం రాదు. స్కూటీలో 200 కొట్టించే మనకి అదేం వర్తిస్తుంది?

రోజూ అమలాపురం నుంచి రాజమండ్రికి కారులో తిరిగేవాళ్ళయితే వేరు. బీపీసీఎల్ ఎస్‌బీఐ కార్డు లాంటివి వాళ్ళ కోసమే. ఆ కంపెనీ బంకుల్లో సర్‌ఛార్జి మాఫీతో కలిపి 4.25 శాతం దాకా తిరిగొస్తుంది. అదీ పాయింట్ల రూపంలో.

చెరువుగట్టు, ఉండి

మీరంతా నెల జీతం వాళ్ళ లెక్క మాట్లాడుతున్నారు. మన డెల్టాలో చాలా ఇళ్ళకి నెల జీతం లేదండి. సార్వా డబ్బు సంక్రాంతి ముందూ వెనకా వస్తుంది, దాళ్వా డబ్బు మే, జూన్‌లో. రొయ్య అయితే పట్టుబడి, అంటే చెరువులో రొయ్య పట్టి అమ్మడం, మూడు నాలుగు నెలలకి. మధ్యలో రొయ్యకి వైట్ స్పాట్ రోగం వచ్చిందంటే అరవయ్యో రోజునే చెరువు ఖాళీ చేసి, వచ్చిన రేటుకి ఇచ్చుకోవాలి. కార్డు బిల్లు మాత్రం ముప్పై రోజులకోసారి వచ్చి కూర్చుంటుంది. వడ్డీ లేని గడువు ఎంత లాగినా 45, 50 రోజులు. ఏ పంటా ఆ గడువులో చేతికి రాదు.

మా బంధువుల కుర్రాడి సంగతి చెబుతాను. కార్డు మీద 40 వేల ఫ్రిజ్ ఆన్‌లైన్‌లో కొన్నాడు. 5 శాతం, అంటే 2 వేలు వెనక్కొచ్చాయని ఊరంతా చెప్పుకున్నాడు. పట్టుబడి వెనక్కి పోయింది. బిల్లు మీద "మినిమమ్ డ్యూ" అని తక్కువ అంకె కనిపించింది, అది కడితే చాలనుకున్నాడు. నెలకి 3.5 శాతం వడ్డీ అంటే 1,400, దాని మీద 18 శాతం జీఎస్‌టీ 252. నెలకి 1,652! రెండో నెల తిరిగేసరికి క్యాష్‌బ్యాక్ మొత్తం పోయి, ఎదురు కట్టడం మొదలైంది. పైగా పాత బాకీ మొత్తం తీరనంతవరకు కొత్తగా ఏది కొన్నా కొన్న రోజు నుంచే వడ్డీ. ఈ ముక్క చాలామందికి తెలియదు. పాలపాకెట్టు కొన్నా వడ్డీయే.

ఏడాదికి 42 శాతం అవుతుంది ఇది. 30 శాతం దాటితే అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. కాబట్టి అడ్డం పడేవాళ్ళు ఎవరూ లేరు. అదే రైతుకి కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల వరకు 7 శాతం, గడువులోపు కడితే 4 శాతమే పడుతుంది. 4 శాతానికి అప్పు దొరికేవాడు 42 శాతం వైపు చూడడం ఎందుకండీ, 300 రూపాయల కోసం?

లెక్కలబాబు, కాకినాడ

అన్నయ్యా, మీరు చెప్పిన దాంట్లో ఒక్క అంకె కూడా తప్పు లేదు. కానీ అది బాకీ ఉంచినవాళ్ళ కథ. ఆవిడ ముందే చెప్పారు, ఇద్దరివీ నెల జీతాలని. ఖాతా నుంచి "టోటల్ డ్యూ", అంటే బిల్లు మొత్తం, దానంతటదే కట్టేసేలా ఆటోపే పెట్టుకుంటే వడ్డీ అన్న మాటే రాదు. మినిమమ్‌కి ఆటోపే పెట్టినవాళ్ళే మునుగుతారు. ఫారంలో రెండు గడులూ పక్కపక్కనే ఉంటాయి, చూసి టిక్కు పెట్టాలి.

చెరువుగట్టు, ఉండి

జీతం వాళ్ళయితే సరే తమ్ముడూ, ఒప్పుకుంటాను. కానీ మాల్‌లో స్టాల్ పెట్టి "ఫ్రీ కార్డు సార్" అని పిలిచేవాడు నీకు జీతమా, చెరువా అని అడగడు. పాన్, ఆధార్ అడుగుతాడు.

తణుకు తమ్ముడు

నేనైతే మా ఫ్రెండ్స్ అందరి కొనుగోళ్ళూ నా కార్డు మీదే వేయిస్తా. దసరా సేల్‌లో కార్డు ఆఫర్ 10 శాతం వాళ్ళకి, క్యాష్‌బ్యాక్ నాకు. డబ్బు వాళ్ళు ఫోన్‌పే కొడతారు. ఫీజు మాఫీ కూడా ఇలాగే సాధించా. ఆయ్!

రిటైర్డ్ హెడ్మాస్టరు, నరసాపురం

తమ్ముడూ, స్నేహితుడు ఫోన్‌పే కొట్టేదాకా బాకీ నీ పేరు మీదే ఉంటుంది, మన అప్పుల చరిత్ర రాసిపెట్టే సిబిల్‌లో కనపడేది నీ పేరే. కార్డు లిమిట్‌లో ఎక్కువ భాగం ఎప్పుడూ వాడేసి ఉంటే స్కోరు తగ్గుతుంది కూడా. పైగా ఏడాదిలో కార్డు బిల్లులు 10 లక్షలు దాటి కడితే, నగదుగా అయితే లక్ష కడితేనే, బ్యాంకు ఆ వివరం ఆదాయపు పన్ను శాఖకి పంపాలి. నీ జీతం ఆరు లక్షలై, కార్డు మీద పన్నెండు లక్షలు కట్టావనుకో, నోటీసు వస్తే అవన్నీ స్నేహితుల ఫోన్లని ఎవరికి చూపిస్తావు?

అమ్మా కొత్తపేట కోడలూ, బంగారం సంగతి కూడా చెప్పాలి. ఈమధ్య మా అమ్మాయికి గొలుసు కొనడానికి ఒక షాపుకి వెళితే, క్రెడిట్ కార్డు అయితే 2 శాతం అదనం అన్నారు. లక్ష మీద 2 వేలు. బంగారానికి చాలా కార్డులు క్యాష్‌బ్యాక్ ఇవ్వవు కూడా. బ్యాంకు ఖాతా నుంచి పంపించి తెచ్చుకున్నాం.

నాదో సందేహం ఉంది. పెన్షన్ 1వ తేదీన పడుతుంది. నా కార్డు బిల్లు కట్టే గడువు నెలాఖరున, 28న. అప్పటికి ఖాతాలో పెద్దగా ఏమీ ఉండదు. ఏం చేయాలి?

లెక్కలబాబు, కాకినాడ

మాస్టారూ, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి బిల్లు తేదీ మార్చమనండి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కనీసం ఒకసారైనా ఆ అవకాశం ఇచ్చి తీరాలి. గడువు 5వ తేదీ ప్రాంతానికి వచ్చేలా అడగండి. పెద్ద వస్తువు ఏదైనా కొనాలంటే బిల్లు వచ్చిన మర్నాడు కొనండి. అప్పుడే ఆ 45, 50 రోజులూ పూర్తిగా దొరుకుతాయి. బిల్లుకి ముందురోజు కొంటే ఇరవై రోజులకు మించి రాదు.

ఎవరికైనా కార్డు వద్దనిపిస్తే బాకీ తీర్చేసి రద్దు చేయమని రాయండి. ఏడు పనిదినాల్లో రద్దు చేయాలి. చేయకపోతే రోజుకి 500 చొప్పున మీకే కట్టాలి. ఇదీ రిజర్వు బ్యాంకు మాటే, 2022 నుంచి.

స్కూటీ సవారీ

"మీ పాయింట్లు ఈ రాత్రికి ఎక్స్‌పైర్ అవుతాయి, ఈ లింకు నొక్కండి" అని వచ్చే మెసేజ్‌లు ఎవరూ నొక్కకండి బాబూ. కార్డు తీసుకున్న వారంలోనే మొదలవుతాయి.

కొత్తపేట కోడలు

అందరికీ థాంక్స్ అండి. ఫీజు లేని కార్డు ఒకటి తీసుకుని ఆన్‌లైన్ ఖర్చు వరకే దాని మీద వేస్తాను, టోటల్ డ్యూకి ఆటోపే పెడతాను. కిరాణా మా కొట్టు బాబాయ్ దగ్గర పద్దులోనే ఉంటుంది. ఈసారి ఖాతా నుంచి కొడతానని చెప్పి తగ్గింపు అడుగుతాను, పాలకొల్లు ఆయన ధైర్యం ఇచ్చారు కదా.

ఇదంతా మావయ్యగారికి చదివి వినిపించాను. ఉండి ఆయన రాసింది రెండుసార్లు చదివించుకున్నారు. ఆయన అడిగేది ఒకటే: ఆటోపే పెట్టాక, ఆ రోజు ఖాతాలో డబ్బు లేకపోతే?

చెరువుగట్టు, ఉండి

రెండు వైపులా వాయిస్తారని చెప్పండి మావయ్యగారికి. ఖాతా ఉన్న బ్యాంకు రిటర్న్ ఛార్జీ వేస్తుంది, కార్డువాళ్ళు లేటు ఫీజు వేస్తారు. గడువు దాటి మూడు రోజులు మించాకే లేటు ఫీజు వేయాలని నిబంధన ఉంది గానీ వడ్డీకి ఆ మినహాయింపు లేదు. అందుకని జీతం పడే ఖాతాకి ఆటోపే పెట్టకుండా వేరే ఖాతాకి పెట్టి, ఆన్‌లైన్‌లో ఏదైనా కొన్న రోజునే అంత డబ్బూ అందులోకి పంపేయమనండి.

కొట్టు కుర్చీ, పాలకొల్లు

తగ్గింపు అడగండమ్మా, తప్పకుండా అడగండి. పండగ నెలలో మాత్రం అడక్కండి, మాకే సరుకు దొరకదు.